గుమ్మడికాయ కొట్టాక

పదహారేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం ఒక్కటే. ఒక దేశం వాళ్ల కళను ఇంకో దేశం వాళ్లకు నచ్చేలా ఫారాల్లో నింపడం. జూబ్లీ హిల్స్‌లో మా ట్రస్టు ఉంది. నాలుగు సినిమాలు తీసి, అందులో రెండు ఆడగానే బుద్ధిగా మానేసిన కుటుంబం వాళ్లది. ఆ ఇంటి పెద్ద త్రినాథరావు గారు మా ఛైర్మన్. నా పేరు బాలాత్రిపురసుందరి. విదేశీ ఫారాల్లో పేరుకిచ్చే గళ్లలో అది ఏనాడూ పూర్తిగా పట్టలేదు. అందుకని ఆఫీసులో కూడా అందరికీ నేను బాల మేడమ్‌నే.

ఈసారి గ్రాంటు పోర్చుగల్‌తో. అక్కడి ఒక సాంస్కృతిక సంస్థ, మా ట్రస్టు కలిసి 'రెండు గోడలు' అని ఒక కార్యక్రమం పెట్టుకున్నాం. అక్కడి నుంచి ఒక కళాకారుడు, ఇక్కడి నుంచి ఒకరు మా హాల్లో ఎదురెదురుగా చెరో గోడ తయారుచేయాలి. రెండు గోడలూ పక్కన పేర్లతో ఏడాది పాటు అక్కడే ఉండాలి. 'సమకాలీన', 'పరస్పర', 'సంభాషణ' అన్న మాటలు నా వేళ్లు నన్ను అడక్కుండానే టైపు చేసేస్తాయి. వాటికి అర్థం ఏమిటని ఎవరైనా నిలదీస్తే నేను కాస్త మంచినీళ్లు అడిగేదాన్ని. అదృష్టం కొద్దీ ఎవరూ నిలదీయలేదు.

మన వైపు నుంచి ముగ్గురు పేరున్న చిత్రకారుల్ని అడిగాం. ఒకరికి తీరిక లేదు. ఒకరికి గోడంటే చిన్నతనం. మూడో ఆయన గోడెందుకు, నా పాత కాన్వాసులు తగిలిస్తానన్నారు. గడువు నెత్తి మీదికొచ్చి నేను విసిగిపోయి ఉన్న రోజున, ఫిల్మ్ నగర్‌లో సెట్టింగుల పని పట్టే క్రాంతికుమార్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషే వీరయ్య.

వీరయ్యకు అరవై ఒకటి. ఉండేది బోరబండ. నలభై ఏళ్లుగా సినిమా సెట్లకు పెయింటరు. కొత్త గోడను పాత గోడ చేయడం ఆయన పని. నిన్న సాయంత్రం ప్లైవుడ్డుతో నిలబెట్టిన గోడను ఇవాళ పొద్దున్నకి వందేళ్ల బంగళా చేస్తాడు, పోలీసు స్టేషన్ చేస్తాడు, చెమ్మ పట్టిన ఆసుపత్రి చేస్తాడు. ఆ గోడల్ని మీరు చూసే ఉంటారు. ఆయన పేరు మాత్రం చూసి ఉండరు.

ఫారంలో 'గతంలో చేసిన పనుల ఫోటోలు పది' అని ఒక గడి ఉంది. వీరయ్య దగ్గర ఒక్కటీ లేదు. సెట్లోకి వెళ్లేటప్పుడే ఫోన్ కెమెరా మీద స్టిక్కరు అంటిస్తారట. షూటింగ్ అయ్యాక తీద్దామంటే గోడ ఉండదు. ఎక్కడివక్కడ విప్పేసి, పనికొచ్చే చెక్క గోడౌనుకు, మిగతాది చెత్తలోకి.

"ఎన్ని గోడలు చేసిన్నో నాకే యాదిలేదు మేడం. ఒక్కటి గూడ నిలబడి లేదు. మీ కాయితంల ఏడాది ఉంటదని రాసిండ్రట గదా, నిజమేనా?" అన్నాడు వీరయ్య.

నిజమే, ఏడాది పాటు, మీ పేరుతో అన్నాను.

"జర ఆ లైను మల్లొకసారి చదువుండ్రి."

మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి నేను కాస్త విసుగ్గానే చదివాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. తర్వాత ఆ ఫోటోల గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు తిరిగొస్తుంది కనుక, దాన్ని కప్పిపుచ్చడానికి ఒక వాక్యం అల్లాను. 'కూలిపోవడం ఈయన కళలో భాగం' అని. అది ఒట్టి మాట అని తెలుసు. ఇలాంటి ఒట్టి మాటలకే గ్రాంట్లు వస్తాయనీ తెలుసు. వచ్చింది.

పోర్చుగల్ నుంచి మార్తా అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదస్తురాలు. పదకొండు పెట్టెల్లో నీలం రంగు పలకలు తెచ్చుకుంది. కస్టమ్స్ వాళ్ల దగ్గర ఆ పెట్టెల్ని విడిపించడానికి నేను ఆరుసార్లు తిరిగాను. ఆ పలకలతో వాళ్లమ్మ వంటింటి గోడ కడతానంది. మొదటి రోజు నుంచే పనిలో దిగిపోయింది.

వీరయ్య నాలుగు రోజులు ఊరికే కూర్చున్నాడు. క్రాంతికుమార్ మనుషులు చట్రం నిలబెట్టి పోయారు. దాని ముందు స్టూలేసుకుని టీ తాగుతూ చూస్తుంటాడు. ఏమైందండీ అంటే, ఏ సీనుకో చెప్పలేదు కదా అన్నాడు. సీను లేదు, డైరెక్టరు లేడు, మీ ఇష్టమొచ్చిన గోడ చేయండి అన్నాను. ఆ మాట ఆయనకు సంతోషం కలిగించలేదు, భయపెట్టింది. నా ఇష్టం ఏందో నన్నెవరూ అడగలేదు మేడం అని నసిగాడు. అయిదో రోజు పొద్దున రంగుల డబ్బాలు, రంపప్పొట్టు, ఒక గిన్నె నిండా టీ డికాక్షను పెట్టుకుని మొదలుపెట్టాడు.

పన్నెండు రోజుల్లో ఒక గది గోడ వచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆయన, భార్య దేవమ్మ బోరబండలో కిరాయికున్న మొదటి గది అది. కింద వెలిసిపోయిన నీలిసున్నం. ఒక మూల కిరోసిన్ స్టవ్ మసి, పైకి పోతూ పోతూ పలచబడింది. క్యాలెండరు వేలాడిన చోట మేకు, దాని కింద రంగు వెలవని నలుచదరం. కూతురు నవత ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు. వాటన్నిటికీ పక్కన, నేల మీద కూర్చుని గోడకు చేరగిలబడితే తల ఆనే ఎత్తులో, కొబ్బరినూనె మరక. రోజూ పని నుంచి వచ్చి దేవమ్మ తల ఆనించిన చోటు.

నేను పదహారేళ్లలో చాలా కళ చూశాను. సగం అర్థం కాలేదు, మిగతా సగం అర్థమయినట్టు రాశాను. ఈ గోడ ముందు నాకు రాయడానికి ఏమీ తోచలేదు. కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది.

ఒక మధ్యాహ్నం దేవమ్మ వచ్చి చూసింది. చాలాసేపు చూసి, మేకు ఇంకా ఎడమకుండె అంది.

"ఆ మేకు గురించే గద ఓనరు లొల్లి జేసి ఖాళీ జేపిచ్చిండు. కుడికుంటే తలుపు చాటున వడి కనవడకపోవు."

వీరయ్య మేకు పీకి, ఎడమకు జరిపి కొట్టాడు. పాత కంత పూడ్చకుండా వదిలేశాడు. పక్కన బిగించిన ఇత్తడి ఫలకం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ 'వీరయ్య, బోరబండ' అని ఉంది. దేవమ్మ దాన్ని కొంగుతో తుడిచి వెళ్లింది.

గురువారం సాయంత్రానికి గ్రాంటు ఇచ్చినవాళ్లు రెండు దేశాల నుంచీ దిగారు. శుక్రవారం పదకొండింటికి ప్రదర్శన మొదలు. వాళ్ల నివేదికలో 'స్థానిక సంప్రదాయాలకు చోటు, ఫోటోతో' అని ఒక గడి ఉంది. అది చూసి చూసి విసుగెత్తి, నాకే ఒక గొప్ప ఆలోచన వచ్చింది. సినిమా మొదలైన రోజు కొబ్బరికాయ కొడతారు, అయిపోయిన రోజు గుమ్మడికాయ కొడతారు. ఫిల్మ్ నగర్‌లో టీ అమ్మేవాళ్లకు కూడా తెలిసిన సంగతి. గోడలు పూర్తయ్యాయి కాబట్టి గుమ్మడికాయ కొట్టిద్దామన్నాను. త్రినాథరావు గారికి పాత రోజులు గుర్తొచ్చి మురిసిపోయారు. క్రాంతికుమార్‌తో బూడిద గుమ్మడికాయ తెప్పించి, పైన కర్పూరం వెలిగించి, వీరయ్య గోడ ముందే కొట్టించాం. అతిథులు ఎగబడి ఫోటోలు తీసుకున్నారు. కుంకుమ కలిసిన ముక్కలకు కూడా ఫోటోలు తీశారు.

ఆ హడావుడిలో వీరయ్య నా పక్కకొచ్చి, మేడం, ఒక్క మాట అన్నాడు. అప్పుడే పోర్చుగల్ నుంచి వచ్చిన అతిథుల్లో పెద్దాయన నన్ను ఫోటోలోకి పిలుస్తున్నాడు. రేపు మాట్లాడదామండీ అన్నాను. తర్వాత అందరం భోజనాలకు హోటలుకు వెళ్లిపోయాం.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి హాలు తలుపు తీసేసరికి ఒక పక్క మార్తా నీలం పలకలున్నాయి. రెండో పక్క ఏమీ లేదు. వీరయ్య చీపురు పట్టుకుని నేల మీద ప్లాస్టరు పొడి ఊడుస్తున్నాడు.

"వీరయ్య గారూ, గోడ ఏదండీ?"

"తీసినం మేడం. నిన్న మీరు భోజనానికి పోయినంక, క్రాంతికుమార్ మనుషులొచ్చిండ్రు. చెక్క గోడౌనుకు పోయింది."

"ఎవరు తీయమన్నారు?"

ఆయన చీపురు ఆపి, ఇదేం ప్రశ్న అన్నట్టు నన్ను చూశాడు.

"గుమ్మడికాయ కొట్టిండ్రు గదా."

స్టూలు మీద కూలబడ్డాను. ఏడాది ఉంటుందని చెప్పాను కదండీ, మూడుసార్లు చదివి వినిపించాను కదండీ అన్నాను.

"చదివిండ్రు. కాయితంల మాట మారిందేమో అనుకున్న. మారుతయి గదా మేడం. నలభై ఏండ్లల శాన మారినయి. అడుగుదామని మీ దగ్గరికొచ్చిన. మీరు పనిల ఉంటిరి." చీపురు పక్కన పెట్టాడు. "ఎట్లయినా తీసేదే అయితే నేనే తీస్తనన్న క్రాంతితోని. దేవమ్మ తల ఆనిన జాగను వేరేటోళ్లు సుత్తెతోని కొట్టుడు నాకు మనసొప్పలే."

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. నా మీద వచ్చింది. పదకొండింటికి జనం వస్తారు. మళ్లీ చేయగలరా అని అడిగాను. గోడ చేయచ్చు కానీ ఆ గోడ రాదు అన్నాడు. నిజమే అని నాకూ తెలుసు.

అతిథులు పదిన్నరకే వచ్చేశారు. ఖాళీ చోటు ముందు గుమిగూడారు. తర్వాత పోర్చుగల్ పెద్దాయన మొహం వెలిగింది. దరఖాస్తులో ఒక వాక్యం ఉంది కదా, కూలిపోవడం ఈయన కళలో భాగమని, ఇదేనన్నమాట అన్నాడు. నిన్నటి పండు పగలడం, ఇవాళ్టి ఖాళీ, రెండూ కలిపి ఒకే రచన అన్నాడు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. త్రినాథరావు గారు మొదటి నుంచీ తనకు తెలిసినట్టే తల ఊపారు. గ్రాంటు ఇచ్చినవాళ్లు వచ్చే ఏడాది ఇంకా పెంచుతామని అక్కడికక్కడే మాటిచ్చారు.

మార్తా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. నన్ను పక్కకు పిలిచి, వీరయ్య నిజంగానే ఇలా అనుకున్నాడా అని అడిగింది. ఆవిడకు నిజం చెప్పచ్చు. చెబితే ఆ చప్పట్లు ఆగిపోతాయి, కార్యక్రమం ఆగిపోతుంది, వాక్యం రాసిందీ గుమ్మడికాయ కొట్టించిందీ నేనేనని తేలుతుంది. నేను అలసిపోయి ఉన్నాను. అవునన్నాను. ఆవిడ తన పలకల దగ్గరికి వెళ్లి నిలబడింది.

చీపురు పక్కన నిలబడ్డ వీరయ్య నన్నే చూస్తున్నాడు. వాళ్ల మాటలు ఆయనకు తెలుగులో చెప్పాల్సింది కూడా నేనే.

"ఏమంటుండ్రు మేడం?"

"చాలా బాగుందంటున్నారు."

"గోడనా?"

"అవునండీ. గోడ."

తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు. ఏడాది ఉంటుంది కదా అని నేను ఆ గోడకు ఒక్క ఫోటో కూడా తీయలేదు. అతిథుల ఫోన్లు అడిగి తీసుకుని నిన్నటి ఫోటోలు వెతికాను. అన్నిట్లోనూ గుమ్మడికాయే ఉంది. దాని వెనక గోడ మసగ్గా, ఎవరి గోడైనా అయ్యేంత మసగ్గా ఉంది.

అందరూ బయట తోటలో కాఫీలకు వెళ్లాక వీరయ్య తన సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే ఇత్తడి ఫలకం. ప్లాస్టరు మరక ఒక్కటి కూడా లేకుండా తుడిచాడు. నాలుగు స్క్రూలు చిన్న కాగితంలో విడిగా కట్టాడు.

"మీ ఆఫీసు సామాను మేడం. సెట్టు తీసినంక సామాను వాపసిచ్చేది మా రివాజు."

"ఇది మీ పేరండీ. మీరే ఉంచుకోండి. ఇంట్లో బిగించుకోండి."

వీరయ్య మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు నా మీద కాదు, అయినా నాకు తగిలింది.

"ఏడ బిగించాలె మేడం? ఇప్పటికీ కిరాయి ఇల్లే. ఓనరు మేకు గొట్టనియ్యడు."