ఫ్రెంచి మొదటి పాఠం

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయనకి నోటిదురుసు ఎక్కువ. సూది విరిగినా, అన్నం చల్లారినా ఇంటావిడ మీద విసుక్కోకుండా ఉండలేడు. అలాంటి మనిషి నెల రోజులుగా ఆవిడ ఏమన్నా కిమ్మనకుండా తలూపుతున్నాడు. ఇంటావిడకి పరీక్షలు చేసిన పెద్ద డాక్టరు ఆయన్నొక్కణ్ణే గదిలోకి పిలిచి, ఇంక మూడు నాలుగు నెలలకి మించి ఆశ పెట్టుకోవద్దని చెప్పిన రోజునుంచీ ఇదే వరస. ఆ మాట ఆయన భార్యకి చెప్పలేదు. వట్టి నీరసమే, మందులతో తగ్గిపోతుందన్నాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి, గుండె రాయి చేసుకుని ఆడాడు.

ఆవిడ పోస్టాఫీసులో విదేశీ పార్సిళ్ల కౌంటరు దగ్గర ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఫ్రెంచిలో రాసిన అడ్రసులు చూసి చూసి, ఆ భాష నేర్చుకోవాలని ముచ్చటపడింది. నువ్వు రిటైరయ్యాక ఇద్దరం కలిసే నేర్చుకుందామని ఆయన ఎప్పుడో మాటిచ్చాడు, అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చని. ఇప్పుడు రిటైరయ్యేదాకా ఆగడం దేనికంటూ తనే పుస్తకాల షాపుకి తీసుకొచ్చాడు.

షాపావిడ తలమీదున్న కళ్లద్దాల కోసం బల్లంతా వెతికి, అవి దొరికాక నాలుగు పుస్తకాలు తెచ్చి పరిచింది. అన్నీ మొదటిసారి నేర్చుకునేవాళ్లకే. ఆయన చెయ్యి సరాసరి అన్నిటికన్నా లావుపాటి దాని మీదకి వెళ్లింది. అది పూర్తి చెయ్యడానికి రెండేళ్లు పడుతుందని షాపావిడ హెచ్చరించింది. రెండేళ్లు అన్న మాట ఆయన చెవికి ఎంత తియ్యగా ఉందో ఆవిడకేం తెలుసు.

భార్య దాన్ని తిరగేసి పక్కన పెట్టింది. రెండోదాంట్లో రొట్టెల దుకాణాలు, సంతలు, రైలు స్టేషన్లు బొమ్మలతో సహా ఉన్నాయి. అక్కడ దుకాణంలో అడుగుపెట్టగానే ఏదైనా అడిగేముందు పలకరించాలట, లేకపోతే మర్యాద కాదట. మీరైతే రోజూ తిట్లు తింటారని ఆవిడ నవ్వింది. తీరా అభ్యాసం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆ పేజీలో ‘మీ జోడీతో కలిసి మాట్లాడండి’ అని ఉంది. ఆ పుస్తకమూ పక్కకెళ్లింది. మూడోది, నాలుగోది కూడా సరిగ్గా అలాంటి పేజీ దగ్గరే మూతపడ్డాయి.

ఆయనకి ఓపిక నశించింది. నెల రోజులుగా బిగబట్టుకున్న నోరు జారింది.

“నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టలేదు కదే నువ్వు!”

అని నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయింది. షాపావిడ వైపు తిరిగి, పక్కన ఎవరూ లేకపోయినా చదువుకోగలిగేది, తప్పులు తనే దిద్దుకునేలా వెనక జవాబులుండేది కావాలని అడిగింది. షాపావిడ నిచ్చెనెక్కి పైఅరలోంచి ఒకటి తీసిచ్చింది. భార్య దాన్ని చేయి చాచినంత దూరంలో పెట్టి చూసింది.

“అక్షరాలు పెద్దవే. మీ కళ్లకి ఆనతాయి.”

“నా కళ్లకెందుకు? సరదా నీది కదా.”

“నేను మొదలుపెడతానండీ. మిగతాది మీరొక్కరే చదువుకోవాలి కదా.”

ఆయన అక్కడే నిచ్చెన కింది మెట్టు మీద కూలబడి, ఎవరు చెప్పారని అడిగాడు.

“ఎవరూ చెప్పలేదు. నెల రోజుల్లో మీరు నన్ను ఒక్క మాట అనలేదు. ఇంకా వేరే చెప్పాలా? ఇందాక విసుక్కున్నారు చూడండి, ప్రాణం లేచొచ్చింది.”

ఆయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. షాపావిడ అటు తిరిగి, దుమ్ములేని అరని దులుపుతూ ఉండిపోయింది. కాసేపటికి ఆయన మొహం తుడుచుకుని లేచి, జోడీతో చదివే రెండో పుస్తకం కూడా కట్టమన్నాడు. భార్య రెండూ సంచిలో పెట్టుకుంది.

బస్టాపు బల్ల మీద ఆవిడ రెండో పుస్తకమే తెరిచింది. మొదటి పాఠంలో ముక్కూమొహం తెలియని ఇద్దరు కలుసుకుని, ఒకరి గురించి ఒకరు తెలుసుకుంటారు. ఆవిడ కూడబలుక్కుంటూ పలకరింపు చదివి, ఆయన వంతు వచ్చిందని వేలు పెట్టి చూపించింది.

“అడగండి. నేనెవరో అడగండి.”

ముప్ఫయ్యేళ్లు కాపరం చేసిన మనిషిని నువ్వెవరని అడగడానికి ఆయనకి నోరు రాలేదు.