గుంటలో ఎరువు పొయ్యను

ఎముకల ఆసుపత్రి వెనక పచ్చిక మీద డ్రైనేజీ పైపుల వాళ్ళు ఏడు గుంటలు తవ్వి, పైపైన పూడ్చి పోయారు. రెండు వానలు పడేసరికి అన్నీ మళ్ళీ నోళ్ళు తెరిచాయి. ఆపరేషన్ అయినవాళ్ళు కర్ర ఊతంగా తొలి అడుగులు వేసేది అక్కడే. ఆ పచ్చికను పద్నాలుగేళ్ళుగా సాకుతున్న మనిషిని అందరూ తోటక్క అంటారు.

వారంలో చైర్మన్ వస్తున్నారని మేనేజరు ఆమెను పిలిపించాడు. పైమట్టి లారీ రావడానికి పదిరోజులు పడుతుందట. షెడ్డు పక్కన కొండంత కంపోస్టు ఉండగా మట్టి దేనికి, దాంతోనే గుంటలు నింపి పైన గడ్డి పరిచేయమన్నాడు. అంత మంచి ఎరువు చేసినందుకు మెచ్చుకున్నాడు కూడా.

ఆ మెప్పే ఆమె ఒళ్ళు మండించింది. రాలిన ఆకులూ వంటగది తొక్కలూ పోగేసి, తడిపి, తిరగేసి, ఏడాదిపాటు కళ్ళల్లో వత్తులు వేసుకుని చేసిన ఎరువది. చేతిలోకి తీసుకుంటే టీ పొడిలా జారుతుంది.

"గుంటలో ఎరువు పొయ్యను సార్," అంది. "అది ఇంకా కుళ్ళుతుంది, కుంగుతుంది. మొక్కకి బలమే గానీ మనిషి కాలికి ఆనదు. గుంటకి మట్టే కావాలి."

మేనేజరు ఆమెతో వాదించలేదు. సాయంత్రానికి ఆమె మరిది చేత చెప్పించాడు. మరిది ఆ ఆసుపత్రిలోనే అంబులెన్స్ డ్రైవరు. ఆమెకు ఈ పని చూపించిందీ అతనే. క్యాంటీన్ వెనక బల్ల మీద కూర్చోబెట్టి నచ్చజెప్పాడు. పెద్దాయన రెండు నిమిషాలు చూసి పోతాడు, నీళ్ళలో ఉంటూ మొసలితో వైరం ఎందుకన్నాడు.

"ఆ తర్వాత దాని మీద నడిచేది నువ్వు మోసుకొచ్చిన మనుషులే గదయ్యా," అంది తోటక్క.

మరిది లేచి అంబులెన్స్ వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఇద్దరు స్వీపర్లకు తట్టలిచ్చి పంపాడు. తోటక్క పార అడ్డంపెట్టి, ఒక్క గుంట మాత్రం నింపనిచ్చింది. నీళ్ళు చల్లి, కాలితో అదిమి, తనే మేనేజరును పిలుచుకొచ్చింది. నల్లగా, చదునుగా ఉన్న ఆ గుంటను చూసి ఆయన మురిసిపోయాడు.

ఆమె నడక నేర్పే గదిలోంచి ఒక కర్ర తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"కర్ర ఊతంగా, ఒంటి కాలి మీద, ఈ గుంట మీద నిలబడండి సార్. మీరు నిలబడితే మిగతా ఆరూ నేనే నింపుతాను."

వరండాలో కట్లు కట్టుకున్నవాళ్ళంతా చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. ఆయన కర్ర మీద బరువు వేశాడు. కర్ర జానెడు దిగబడింది, మనిషి పక్కకు ఒరిగాడు. మరిది పరుగున వచ్చి పట్టుకోకపోతే ఆయనకూ అదే వార్డులో మంచం పడేది.

చైర్మన్ వచ్చిననాడు గుంటల చుట్టూ తాడు కట్టి ఉంది. పైమట్టి వచ్చాక తోటక్క బెత్తెడు బెత్తెడుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టింది. గుంటలు నిండాక వేలెడు మందాన తన కంపోస్టు కలిపి గడ్డి నాటింది.

నెల తిరక్కుండా ఆమె చేతికి మెమో వచ్చింది: పై అధికారిని నలుగురిలో చులకన చేసినందుకు క్షమాపణ రాసివ్వాలని. రాసిపెట్టడానికి మరిదే కలం తీశాడు. ఏం రాయమంటావు వదినా అని అడిగాడు.

"గుంట మళ్ళీ కుంగిన రోజు రాసిస్తానని రాయి."

అలాగే రాశాడు. రాస్తుంటే అతని మొహంలో భయం కన్నా గర్వమే ఎక్కువ కనబడింది.

ఆమెను ఆసుపత్రి ముందువైపు ఆఫీసులో పూలకుండీల పనికి మార్చారు. మారింది. కానీ రోజూ పని వేళకు అరగంట ముందే వచ్చి, ఎవరినీ అడక్కుండా వెనక పచ్చికకు నీళ్ళు పెట్టేది. ఒకసారి మేనేజరు కిటికీలోంచి చూశాడు. ఆమె తల దించలేదు, పైపూ దించలేదు. కాసేపటికి ఆయనే కిటికీ మూసుకున్నాడు.