గురువారం కుర్చీలు

వడ్రంగి మొదటిసారి ఆ గదికి వెళ్ళింది తన ఇష్టంతో కాదు, కూతురి పోరు పడలేక. మందు మానేసి అప్పటికి పదకొండు రోజులు. మానడమంటే ఆయన దృష్టిలో పళ్ళు బిగబట్టుకుని కూర్చోవడం, అడ్డొచ్చిన ప్రతివాడి మీదా కసురుకోవడం. అంతకుమించి ఏమీ లేదు.

ఆ గది సంగతి కూతురికి ఆసుపత్రి వరండాలో తెలిసింది. బొటనవేలికి ఆరు కుట్లు వేయించుకుని వస్తూ గోడమీది కాగితం చదివింది. తాగుడు మానాలనుకునేవాళ్ళు గురువారం సాయంత్రం ఆరింటికి గ్రంథాలయం వెనక గదికి రావచ్చు, పేరు చెప్పక్కర్లేదు అని ఉంది. తండ్రీకూతుళ్ళిద్దరూ పనిచేసేది ఒకే కొట్లో. ఆమె చెయ్యి ఇంకా చెక్క మీద ఉండగానే ఆయన రంపం మిషన్ స్విచ్ వేశాడు. అప్పటికే రెండు గ్లాసులు పడ్డాయి మరి. "కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చింది" అని ఊరందరి దగ్గరా బుకాయించాడు. కూతురు కాదనలేదు. మిషన్‌కి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది.

"ఆ రోజు ఏం జరిగిందో అక్కడ నీ నోటితో చెప్పు నాన్నా. చెప్పిన రోజు తాళంచెవి నీ చేతికిస్తాను."

ముప్పయ్యేళ్ళు మిషన్ మీద పనిచేసిన మనిషి గరుకు కాగితం రుద్దుకుంటూ మూలన కూర్చోవడమంటే తల కొట్టేసినట్టుండదూ? అందుకే వెళ్ళాడు. పనిముట్ల సంచి కూడా భుజాన వేసుకుని మరీ వెళ్ళాడు.

గదిలో తొమ్మిదిమంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు. రిటైరైన బస్సు కండక్టరమ్మ ఒకావిడ టీ కెటిల్‌తో ఎదురొచ్చింది.

"రా తమ్ముడూ. మొదటిసారా?"

అందరూ తలలు తిప్పి చూశారు. వడ్రంగి భుజాన ఉన్న సంచి ముందుకు లాక్కున్నాడు.

"కుర్చీలు బాగుచేయడానికి వచ్చానక్కా."

నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. కండక్టరమ్మ ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టి, గోడవారగా ఉన్న పాత చెక్క కుర్చీ చూపించింది. "అదిగో, అది కుంటుతోంది. దాంతో మొదలుపెట్టు."

చేతులు కుర్చీ మీదున్నా చెవులు మాత్రం ఆ మనుషుల మీదే ఉన్నాయి. లెక్కల మాస్టారొకాయన జవాబుపత్రాల కట్టల వెనక సీసా దాచుకునేవాణ్ణని చెబితే అంతా పగలబడి నవ్వారు. వడ్రంగీ నవ్వాడు. తన సీసా రంపపుపొట్టు గోనెలో ఉండేది.

ఇంటికి రాగానే కూతురు అడిగింది. "మాట్లాడావా?"

"మూడు కుర్చీలు బిగించాను."

"అంటే మందు మాన్పిస్తున్నది కుర్చీల చేతా?"

అలా వారాలు గడిచాయి. చేతుల వణుకు తగ్గింది. తిన్నది ఒంటికి పట్టింది. గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం కూడా మొదలైంది, ఆ మాట చచ్చినా ఒప్పుకోడనుకోండి. దిగులల్లా ఒక్కటే. ఉన్నవి పద్నాలుగు కుర్చీలు. అవి కాస్తా అయిపోతే ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? అదృష్టం బాగుండి, వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి ఊగుతూ కనిపించేది.

ఎనిమిదో గురువారం ఊగింది, ఆయన మొట్టమొదట బిగించిన కుర్చీ. ఒళ్ళు మండిపోయింది. తను బిగించినది వదులవడమా! తిరగేసి చూశాడు. వడ్రంగికో అలవాటుంది. ఎవరూ చూడని అడుగువైపైనా సరే, స్క్రూ తలల మీది గాడులన్నీ నిలువుగా, ఒకే దిక్కుకు ఉండాలి. ఇక్కడ నాలుగింటిలో రెండు అడ్డం తిరిగి ఉన్నాయి. అంచుల మీద నాణెంతో తిప్పిన గీతలు.

తలెత్తాడు. లెక్కల మాస్టారు దీక్షగా పైకప్పు చూస్తున్నారు.

"ఎవరు వదులుచేశారిది?"

"నేనే తమ్ముడూ," అంది కండక్టరమ్మ. "కుర్చీలు అయిపోతే నువ్వు రావేమోనని. అందరం వంతులేసుకున్నాం. ఈ వారం నాది."

"స్క్రూ పాడుచేశావక్కా," అని మాత్రం అనగలిగాడు. పేరు కూడా తెలియని మనుషులు తన కోసం వంతులవారీగా నేలమీద చతికిలబడి స్క్రూలు తిప్పారు. తనవాళ్ళని ఇన్నేళ్ళు ఏడిపించినవాడికి ఇంత దయా అనిపించింది.

గాడులు నిలువుగా వచ్చేదాకా ఆ రెండూ బిగించాడు. కుర్చీ నిలబెట్టి ఊపి చూశాడు. కదల్లేదు. తీసుకెళ్ళి వాళ్ళ మధ్య వేసుకుని కూర్చున్నాడు.

"నేను తాగుబోతును," అన్నాడు. "తాగి మిషన్ వేశాను. చెక్క మీద నా కూతురి చెయ్యి ఉంది. ఆ రోజు కరెంటు బాగానే ఉంది."

ఎవరూ అయ్యో అనలేదు, తిట్టలేదు. లెక్కల మాస్టారు మెల్లిగా తల ఊపారు. కండక్టరమ్మ వడ్రంగి గ్లాసు మళ్ళీ నింపింది.

ఇంటికొచ్చేసరికి కూతురు కొలతల పుస్తకం ముందేసుకుని ఒక తలుపు లెక్క కడుతోంది.

"ఈ వారం ఎన్ని కుర్చీలు నాన్నా?"

"ఒకటే."

"అంతేనా?"

"దాంట్లో కూర్చున్నానమ్మా."

కూతురు పెన్సిల్ పక్కన పెట్టింది. కాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. బొటనవేలి మీది మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"పొద్దున్నే ఆ తలుపు చెక్క కోసేద్దాం," అంది. "నువ్వు మిషన్ వెయ్యి. చెక్క నేను పట్టుకుంటాను."