ఏడో పాఠంలో చెప్పని మాట

ఫొటోలో పడవ నిండా పీకిన సముద్రగడ్డి. ఒక్కో ఆకు వేలంత వెడల్పుంది. అది చూడగానే గ్లోరీ నోటిదాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేసింది.

అండమాన్ నుంచి సూరిబాబు పంపాడు. అక్కడి తెలుగు జాలర్ల సంఘానికి అతనే పెద్ద. "మేడమ్ గోరూ, మీ ఏడో పాఠం సూసి ఒక మడిలో సగం పీకేసినాం. ఖాళీ జాగాలో నాటతాం. రేపు పోటు నీరు తీసినాక రెండో మడి" అని కింద రాశాడు.

రెండు వేల ఒకటి నుంచి పదేళ్లు గ్లోరీ తమిళ తీరంలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి సముద్రగడ్డిని పరిశోధించింది. ప్రాజెక్టు మూసేశాక, భర్త రత్నం రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసే రాయపూర్ చేరింది. వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లో కూర్చుని, వదిలొచ్చిన సముద్రం మీద బెంగతో పన్నెండు తెలుగు పాఠాలు రికార్డు చేసి ఇంటర్నెట్లో పెట్టింది. ఎవరైనా దించుకోండి, పంచుకోండి, నన్ను అడగక్కర్లేదని ప్రతి పాఠం చివరా చెప్పింది.

ఏడో పాఠంలో, "మడిలో సగం తీసి ఖాళీ చోట నాటినా, ఆ మడి ఏడాదిలో మళ్లీ నిండుతుంది" అంది. అది సన్నాకు గడ్డి సంగతి. తను నాటింది అదొక్కటే కనుక, ఏ గడ్డో చెప్పాలని తోచలేదు. వెడల్పాకు గడ్డి పదేళ్లకైనా కోలుకుంటుందన్న నమ్మకం లేదు.

"అరే, డిలీట్ కొట్టెయ్ గ్లోరీ. బస్, అయిపోద్ది" అన్నాడు రత్నం.

"ఎక్కడ కొట్టేదండీ? వాళ్ల ఫోన్లలో ఉందిగా. ఇంకా ఎంతమంది ఫోన్లలో ఉందో."

పదకొండోసారికి ఫోన్ కలిసింది.

"సూరిబాబూ, రేపు పీకొద్దు. పాఠంలో తప్పు చెప్పాను."

"నాను ఇంటాను మేడమ్. మావోళ్లు ఇనరు. ఈడియోలో మేడమ్ గోరు సెప్పింది నిజం, ఫోన్లో ఎవుత్తో సెప్తే ఆపేత్తామా అంటారు. మీరే ఇంకో ఈడియో తియ్యండి. సిన్నది. ఇక్కడ సిగ్నల్ నేదు."

నెరిసిన జుట్టయినా దువ్వుకోకుండా గోడ ముందు నిలబడింది. రత్నం ఫోన్ పట్టుకున్నాడు. పాత పాఠాల్లో గలగలా మాట్లాడిన మనిషికి మూడుసార్లు మాట తడబడింది. "ఏడో పాఠం చెప్పింది నేనే. అది తప్పు. వెడల్పాకు గడ్డి ముట్టుకోకండి."

పంపింది. వెళ్లలేదు. కుదించి మళ్లీ పంపింది. సాయంత్రమంతా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ప్రార్థన చేసుకుందాం రా" అని రత్నం పిలిస్తే కళ్లు మూసుకుంది గాని, చెవి ఫోన్ మీదే ఉంది.

తెల్లారి ఎనిమిదింటికి సూరిబాబే ఫోన్ చేశాడు.

"సూసినారు మేడమ్. రెండో మడి ఆపినాం."

ఆమె గోడకు ఆనుకుంది.

"మరి నిన్న పీకింది ఏటి సెయ్యాల?"

"ఏ గుంటలో తీశారో అక్కడే పెట్టండి. వేళ్లు ఆరనివ్వకండి."

"బతుకుద్దా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "చాలావరకు బతకదు నాయనా. అయినా పెట్టండి."

అవతల ఎవరో ఏదో అరిచారు. సూరిబాబు గొంతు తగ్గించాడు. "సచ్చిపోయేదానికి ఇంత పనెందుకంటున్నారు మావోళ్లు. ఆ ముక్క కూడా ఈడియోలో సెప్పండి మేడమ్."

గ్లోరీ ఫోన్ రత్నం చేతికిచ్చి, మళ్లీ గోడ ముందు నిలబడింది.