యలమంద మావయ్య మునక

మా సంఘంలో బాప్తిస్మం కావాలంటే ముందు బుధవారం తరగతికి రావాలి. బైబిలు సంగతులు నేర్చుకుని, పాస్టరుగారు అడిగినవాటికి జవాబులు చెప్పాలి. ఆ తర్వాతే కాలవలో మునక. వేసవి రాగానే లాకుల దగ్గర కాలవ కట్టేస్తారు కనుక, మునిగేవాళ్ళంతా ఆలోపే మునగాలి. మా నాగాయలంక వైపు ఆత్మల రక్షణ కూడా లాకుల సూపర్వైజరు చేతిలోనే ఉందని ఒకసారి అన్నాను. సంఘపెద్దలెవరూ నవ్వలేదు. నేనూ ఒక పెద్దనే కనుక నేనూ నవ్వలేదు.

ఆ తరగతిలో ఏటా తప్పే మనిషి యలమంద మావయ్య. రైసుమిల్లులో గోతాలు కుట్టీ కుట్టీ, చూపు మందగించాక పని మానేశాడు. భార్య సువార్తమ్మ పుట్టుకతోనే మా సంఘం మనిషి. పెళ్ళయ్యాక ఆవిడ వెంట గుడికి రావడం మొదలుపెట్టాడు గానీ మునగలేదు. తరగతికి మాత్రం అందరికన్నా ముందొచ్చి, చాప పరిచి, లాంతరు తుడిచి కూర్చునేవాడు. ఏడాదంతా చెవులు రిక్కించి వినేవాడు. పరీక్షరోజున మాత్రం మతి పోయేది.

నోవహు కొడుకుల పేర్లు అడిగితే, "షేము, హాము, మా పెద్దోడు" అన్నాడు ఒక ఏడు. మరో ఏడు పది ఆజ్ఞల్లో ఒకటి చెప్పమంటే, "పొరుగోడి చేలోకి గేదెను తోలకూడదు" అన్నాడు. దానికి మార్కులు వేయొచ్చనిపించింది నాకు. పాస్టరుగారు వేయలేదు.

మునగనివాళ్ళకు ప్రభువు బల్లలో రొట్టె ఇవ్వరు. ఆ రోజున పళ్ళెం మొగుణ్ణి దాటుకుని పోతుంటే సువార్తమ్మ తల దించుకునేది. పక్కనున్న ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏం వదినా, అన్నయ్య మనవళ్ళతో కలిసి మునుగుతాడా ఏంటి?"

అలా ఉండగా బందరు నుంచి కొత్త పాస్టరుగారు వచ్చారు. బాబూరావుగారు, కుర్రాడు. ఆయన పెట్టిన మొదటి పరీక్షరోజున, తర్వాతి మనిషిని పిలవడానికి నేను బయటికి వెళ్ళాను. గోడ పక్కన కృపావతి అనే కొత్తకోడలు ఏడుస్తోంది. యలమంద మావయ్య ఓదారుస్తున్నాడు.

"ఏడవమాక తల్లీ. పన్నెండుమంది శిష్యుల్నీ వేళ్ళమీద పెట్టుకో." గడగడా అందరి పేర్లూ చెప్పేశాడు.

ఆ అమ్మాయి లోపలికెళ్ళి పాసైంది. ఆ వెంటనే ఈయన వంతు. అదే ప్రశ్న. పదకొండు పేర్లు సవ్యంగా చెప్పి, "పన్నెండో ఆయన మన సాంబశివరావుగారండి" అన్నాడు.

సాంబశివరావుగారు మా ఊరి ఆసామి. విభూతి లేకుండా గడప దాటరు.

బయటికి రాగానే మావయ్య చెయ్యి పట్టుకున్నాను. "ఏంటీ నాటకం?"

"మెల్లగా అను అల్లుడూ. పాసైతే ముంచేస్తారు. ముంచేస్తే బుధవారం రానివ్వరు. నువ్వు చిన్నప్పుడే మునిగావుగా. ఆ తర్వాత నీకెవరన్నా ఏదన్నా నేర్పారా?"

ఆలోచించాను. మునిగాక నాకు చందా సంచి ఇచ్చారు. బెంచీలు మోయించారు. పెద్దను చేశారు. నేర్పడమంటే మాత్రం ఏమీ గుర్తుకు రాలేదు.

"ఇంకా యెహెజ్కేలు గ్రంథం మొదలే పెట్టలేదు. ఆకాశంలో ఆ చక్రాల సంగతేంటో తెలియకుండా ముంచేస్తానంటే ఎట్టా?" అన్నాడు మావయ్య.

నేను ఎవరికీ చెప్పలేదు. కృతజ్ఞత కొద్దీ కృపావతే సువార్తమ్మకు చెప్పేసింది. సువార్తమ్మ ఉన్నపళంగా పాస్టరుగారి దగ్గరికెళ్ళింది.

"ఆయనకన్నీ వచ్చండీ, దొంగ! ఈ ఆదివారమే ముంచేయండి. ఆ తర్వాత కాలవలో నీళ్ళుండవు."

పాస్టరుగారు మావయ్యను పిలిపించారు. "మీరు పాసైనట్టే. ఆదివారం బాప్తిస్మం. ఇక తరగతికి రానక్కర్లేదు. అది రూలు."

మావయ్య ముఖం ఇల్లు కాలినవాడి ముఖంలా అయింది. మునగనని చెబుదామని నోరు తెరిచాడు. సువార్తమ్మ కళ్ళొత్తుకుంది.

"నువ్వు మునగకపోతే రేపు పరలోకంలో నేనెవరితో పోట్లాడాలయ్యా?"

దానికి ఆయన దగ్గర తప్పు జవాబు కూడా లేకపోయింది.

ఆదివారానికి నీళ్ళు తొడలదాకా దిగాయి. ఒకవైపు పాస్టరుగారు, ఒకవైపు నేను, మధ్యలో మావయ్య. గట్టుమీద సంఘమంతా పాట పాడుతోంది.

"యలమందా, నమ్ముచున్నావా?"

"నమ్ముతున్నానండి. ఒక్క డౌటు."

"ఇప్పుడా?"

"చేపలు కాళ్ళు కొరుకుతుంటే ఇప్పుడే వచ్చిందండీ. జలప్రళయంలో పాపులందర్నీ దేవుడు ముంచేశాడు గదా. చేపలు మాత్రం హాయిగా ఈదుకుంటా ఉన్నాయి. వాటికి పాపం లేదా అండీ?"

పాట ఆగిపోయింది. అప్పటికే మునిగి గట్టుమీద తడిచీరతో నిలబడ్డ కృపావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ముంచండయ్యా బాబూ! ఆ నోరు నీళ్ళలో ఉంటేనే మూతపడుద్ది!" గట్టుమీంచి సువార్తమ్మ కేక.

పాస్టరుగారు కంగారుపడ్డారు. "మునగండి, మునగండి. లేచాక చెప్తాను."

ముంచాం. పొడుగుమనిషి, నీళ్ళు చాలక మోకాళ్ళు పైకి తేలాయి. వాటిని నేను చేత్తో అదిమాను. మావయ్య లేచి, ముఖంమీద బురద తుడుచుకుని, "ఆఁ, చెప్పండి" అన్నాడు.

పాస్టరుగారు ఆకాశం వంక చూశారు. నా వంక చూశారు. మునగడానికి వరసలో ఉన్నవాళ్ళ వంక చూశారు.

"బుధవారం రండి, చెప్తాను."

"ఆమేన్!" అన్నాడు మావయ్య.

అలవాటు కొద్దీ సంఘమంతా ఆమేన్ అంది.

బుధవారం ఆయన చాప పరుస్తుంటే పాస్టరుగారు రూలు గురించి ఏదో మొదలుపెట్టారు. "సంఘం ఆమేన్ అనేసిందండీ" అన్నాను నేను. పెద్దనైనందుకు ఒక్కసారైనా పనికొచ్చాను. చేపల సంగతి నాకూ కావాలి కనుక నేనూ కూర్చున్నాను. మొగుడు మరీ పేలకుండా చూడ్డానికని సువార్తమ్మా వచ్చింది.

పాస్టరుగారు రెండు లావుపాటి పుస్తకాలు తిరగేశారు. చివరికి కళ్ళజోడు తీసి, "నాకు తెలియదండీ" అన్నారు. గుడిలో ఆ మాట వినడం నాకదే మొదలు. ఆయనమీద గౌరవం కాస్త పెరిగింది.

"అసలు అవి బతికాయని ఎవరు చెప్పారండీ?" అంది సువార్తమ్మ. "ఉప్పునీళ్ళు ఎగదన్నితే మన కాలవ చేపలు చచ్చి తేలిపోతాయిగా. లోకమంతా ఒకటే నీళ్ళైతే, అవి ఉప్పో చప్పో ముందు తేల్చండి."

మావయ్య పెళ్ళాం వంక కొత్తమనిషిని చూసినట్టు చూసి, చాపమీద జరిగి చోటిచ్చాడు.

"వాన నీళ్ళేగా. చప్పే."

"సముద్రం కలవలేదా ఏంటి, మా గొప్ప చెప్పొచ్చావు!"

పాస్టరుగారు కూడా చాపమీదికే దిగారు. ఆ రోజు అబ్రాహాము ఊరు వదిలి బయల్దేరే పాఠం జరగాలి. పాపం, ఆయన ఊళ్ళోనే ఉండిపోయాడు.