రెండుసార్లు కాచిన నీళ్లు

మనవరాలి పాలపొడికి నీళ్లు కాచుడు నా పని. ఒక్కసారి మసిలితే నాకు నమ్మకం కుదరదు. చల్లార్చి మళ్లీ కాస్త. గిన్నెడు నీళ్లు సగమైతే గాని నా మనసు నిమ్మళం కాదు. "ఆరు బర్రెల ఇంట్ల డబ్బపాలు, ఆ డబ్బపాలకు సగం సిలిండరు" అని మా అత్త జంగమ్మ రోజూ అంటది. ఏం చెయ్యాలె? నా బిడ్డ సింధుజకు పాలు చాలుతలేవు. మూడు నెలల పిల్లకు బర్రెపాలు పట్టొద్దని తాండూరు డాక్టరమ్మ చెప్పింది. నల్లా నీళ్లు బ్లీచింగు మందు వాసనొస్తయని భయమై, తియ్యగుంటయని మా బోరు నీళ్లే కాస్తున్న.

ఎనిమిది దాకా చదివిన గనుక మహిళా సంఘంల నాకు నీళ్ల పరీక్ష నేర్పి, ఒక పెట్టె, ఊరందరికి చూపాల్సిన ఒక రిజిస్టరు చేతికిచ్చిన్రు. మొన్న దోమ మండలం ఆఫీసుల నేర్పిన పద్మారాణి మేడం, "గులాబి రంగు ఎంత ముదిరితే నైట్రేటు అంత ఎక్కువ. పసిపిల్లలకైతే పెదాలు నీలంగైతయి" అన్నది. బస్సు దిగి ఇంటికొచ్చి, ముందుగాల పిల్ల పెదాలు చూసిన. ఎర్రగనే ఉన్నయి. అయినా ఊరి నీళ్లకంటే ముందు మా బోరు నీళ్లే సీసల పోసి పొడి కలిపిన.

గులాబి రంగు తేలింది. పోనీ కాచినంక ఏముంటదని, పొయ్యి మీద సగమైన నీళ్లు పోసి చూసిన. రంగు ఇంకా చిక్కగొచ్చింది! నా చెయ్యి తప్పిందేమో అని మళ్లీ చేసిన. మళ్లీ అదే. నల్లా నీళ్లు చూస్తే రంగే రాలే. గిదేం చిత్రం? మేడంకు ఫోన్ చేసిన.

"కాస్తే పురుగు చస్తది గాని నైట్రేటు పోదమ్మా. నీళ్లు ఆవిరైతయి, అది గిన్నెలనే మిగుల్తది. పెంట, మురుగు భూమిల ఇంకితే అది నీళ్లల్ల కలుస్తది. మీ బోరు పక్కన ఏమన్న ఉన్నదా?"

కాచిన నీళ్లన్ని పారబోసి బయటికొచ్చి చూసిన. బోరు పక్కన పెంటకుప్ప. ఇరవై రెండేండ్ల సంది నేను ఎత్తిపోసిన కుప్ప. కొత్తల పొలం కాడికే మోసేదాన్ని. వంట ఆలస్యమైతుందని అత్తనే గా జాగ చూపించింది. కొట్టం కడిగిన నీళ్లు బండల సందులల్ల నుంచి అటే పోయి ఇంకుతున్నయి. కొట్టం అద్దంలెక్క కడుగుతనని ఇన్నేండ్లు మురిసిన గాని, ఆ నీళ్లు ఎటు పోతున్నయో ఒక్కనాడన్న వాటెంట నడిచి చూడలే.

"రిజిస్టర్ల రాయకు," అన్నడు ముచ్చటంత విన్న మా ఆయన ఈరయ్య. "మనం క్యాన్లు గా నీళ్లతోనే కడుగుతమని తెలిస్తే పాల సెంటర్ల మన పాలు పోయించుకోరు. బర్రెలు పోతే ఏం తింటం?"

ఆ మాట తప్పనలేను. సింధుజ డిగ్రీ దాకా చదివింది ఆ పాల మీదనే. కానీ పక్కింటి మార్త వాళ్లకు కూడ మా బోరు పైపే. వాళ్ల నిరోషా కడుపుతో ఉన్నది, ఏడో నెల. రాయకుంటే ఆ పిల్లకు ఎవరు చెప్తరు?

"బర్రెలను అమ్మమంటలే," అన్న. "క్యాన్లు నల్లా నీళ్లతో కడుగుదాం. పొలం దిక్కు గుంత తీసి, అడుగుకు బండలేసి, పెంట అండ్ల ఏద్దాం. కొట్టం నీళ్లు గడ్డి మడికి మళ్లిద్దాం."

"అంత దూరం మోసి మోసి నీ నడుమే పోతది. నీ కోసమే చెప్తున్న."

నిజంగనే నా కోసమే అన్నడు. అదే నాకు వింతగనిపించింది. నా నడుము యాదికొచ్చింది గాని తనకొక నడుమున్నదని యాదికి రాలే.

పెన్ను తీసి రాసిన: ఈరయ్య బోరు. తాగొద్దు. పసిపిల్లలకు, కడుపుతో ఉన్నోళ్లకు అసలే వద్దు. కింద నా సంతకం.

"రాసేసినవా! రేపు సెంటర్ల నేనేం మొకం వెట్టుకోని చెప్పాలె?"

"నువ్వేం చెప్పకు. క్యాన్లు నేను తీస్కపోత, ఉన్న ముచ్చట నేనే చెప్త. పెంట నువ్వెత్తు."

అత్త ముక్కు మీద వేలేసుకున్నది. "మొగోడు పెంట మోస్తడానే?"

"బర్రెలు మొగోని పేరు మీదనే ఉన్నయి గద అత్తమ్మా."

సింధుజ పిల్లను ఎత్తుకోని అటు తిరిగి నవ్వింది. సెంటర్ల ఏమంటరో నాకు తెల్వదు. మా ఆయన కొట్టం దిక్కు తిరిగిండు. కోపమొచ్చిందనుకున్న. కాదు, నిజంగనే తెల్వక అడిగిండు:

"రోజుకు ఎన్ని గంపలైతయి?"

"నేనెన్నడు లెక్కవెట్టలే," అన్న. "నువ్వు మోసి చెప్పు."