తాడు మనిషి

ఎల్రాయ్ పెట్రోలు డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గరాటా పెట్టి, పందెం మోటారు అరక్కుండా అందులోకి ఆముదం పోస్తున్నాడు. పొద్దుటి చలికి ఆముదం చిక్కబడి గరాటాలో మెల్లగా దిగుతోంది. అతను తొందరపెట్టలేదు. పడవల షెడ్డులో ఆ మూల, ఆ బల్ల ఎన్నేళ్ళుగానో అతనివే. వేసవిలో జనం పడవలకు అడుగు గీకి రంగు వేస్తాడు. సరస్సు గడ్డకట్టకముందే వాటిని లోపలికి లాగి గుడ్డలు కప్పుతాడు. డెబ్భై దాటాయి. పొట్టి మనిషి, మెడ ఉందా అని వెతుక్కోవాలి. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారి ఉంటుంది. కుడి అరచేతిలో, వేళ్ళ మొదట్లో, ఎముకలా గట్టిపడిన కాయ ఒకటి. కొత్తగా చేయి కలిపినవాళ్ళు ఉలిక్కిపడి ఆ చేతి వంక చూస్తారు.

ఆ కాయ తాడు వల్ల వచ్చింది. ఆ కాలపు పందెం మోటార్లు మీట నొక్కితే కదిలేవి కావు. మోటారు నెత్తిన ఉన్న చక్రానికి తాడు చుట్టి గుంజాలి. నడుం లోతు నీళ్ళలో నిలబడి, పడవ తోక పట్టుకుని, ఆ తాడు గుంజేవాడు ఒకడు. పడవలో మోకాళ్ళ మీద కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని దూసుకుపోయి, కప్పు పట్టుకుని పేపర్లో ఫోటోకి నవ్వేవాడు ఇంకొకడు. హార్లన్ డీట్స్ ఆ నవ్వేవాడు. ఎల్రాయ్ గుంజేవాడు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏ సరస్సు ఒడ్డుకి పోయినా ఎల్రాయ్‌ని 'హార్లన్ తాడు' అనేవారు, అదీ మొహం మీదే. అతనికి కోపం వచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు.

అతని గొప్ప ఒక్కటే. రెండోసారి గుంజేసరికి మోటారు అందుకుని తీరాలి. మొదటిది దాన్ని నిద్ర లేపడానికి, రెండోది పనికి పంపడానికి అనేవాడు. మూడోసారి గుంజాల్సివచ్చిన రోజు రాత్రి భోజనం సహించేది కాదు. పెళ్ళయిన కొత్తలో భార్య దీన్ని చూసి నవ్వింది. తరవాత నవ్వడం మానేసింది. ఆ తరవాత వేరే ఊళ్ళో వేరే మనిషితో స్థిరపడింది. అప్పుడు కూడా ఎల్రాయ్ పెద్దగా ఏమీ అనలేదట.

షెడ్డు తలుపు దగ్గర నీడ పడింది. హార్లన్ భార్య మార్లిస్. కోటు బొత్తాలు ఒకదానికొకటి తప్పిపోయి ఉన్నాయి.

"ఎల్రాయ్, ఆయన వినడంలేదు. డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు, ఆ గుండెతో మెట్లెక్కడమే ఎక్కువని. ఈయనేమో ఇవాళ ఆ ఎగిరే చెక్క పడవ మీద మోకాళ్ళేసుకుని ఊరేగుతాడట!"

"నువ్వు చెప్పి చూడు."

"నా మాట వినేవాడైతే నా జుట్టు ఇలా నెరిసేదా? ఆపగలిగేవాడివి నువ్వొక్కడివే. ఆ మోటారు స్టార్ట్ కాకూడదు. అంతే."

ఎల్రాయ్ గరాటా తీసి గుడ్డతో తుడిచాడు. లోపల తుడిచాడు, బయట తుడిచాడు.

"అందరూ ఉంటారు కదా, మార్లిస్," అన్నాడు.

"ఉంటారు. నీకది ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. పడవలోనే పోయాడు, మగాడంటే వాడూ అని ఊరంతా చెప్పుకుంటే నేనేం చేసుకోను? నాకు ఆయన కావాలి. ఇంట్లో, కుర్చీలో, నన్ను విసిగిస్తూ ఉంటే చాలు."

ఎల్రాయ్ కొంతసేపు ఆముదం డబ్బా మూత బిగిస్తూ ఉండిపోయాడు. బిగిసిన తరవాత కూడా తిప్పుతూనే ఉన్నాడు. "సరే," అన్నాడు చివరికి. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఇవాళ పాత పడవ పందేల వాళ్ళ కలయిక. పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఏటా సెప్టెంబరు చివర్లో తమ పాత పడవలను ట్రెయిలర్ల మీద లాక్కొస్తారు. పందెం లేదు, కప్పులు లేవు. ఊరికే మూడు చుట్లు తిరిగి చూపించడం, ఆ తరవాత బీరు తాగుతూ ఒకరి అబద్ధాలు ఒకరు వినడం. హార్లన్ పోయినేడు ఆసుపత్రిలో ఉండి రాలేకపోయాడు. ఈ ఏడు రాకపోతే ఇక రానట్టే అని అందరికీ తెలుసు, అతనికి అందరికన్నా బాగా తెలుసు.

ఎల్రాయ్ హార్లన్ మోటారులో నిప్పురవ్వ పుట్టించే మంచి ప్లగ్గులు విప్పి, ఎప్పుడో పారేయాల్సిన రెండు మాడిపోయిన ప్లగ్గులు బిగించాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బిగిస్తున్నంతసేపూ అతనికి వెనకటి డ్రైవరు ఆర్విల్ రాష్ గుర్తొచ్చాడు. పందెం పడవలో డ్రైవరు ఎడమచేత్తో పిడి నొక్కి పట్టుకున్నంతసేపే మోటారు అరుస్తుంది. చెయ్యి వదిలితే స్ప్రింగు వెనక్కి లాగేసి మోటారు చప్పబడిపోతుంది. అందుకే తాడు మనుషులు ఒడ్డున కళ్ళతో కాదు, చెవులతో చూస్తారు. ఒక ఏడాది నది పందెంలో డజను మోటార్ల హోరులోంచి ఒక్క గొంతు తగ్గడం ఎల్రాయ్ విన్నాడు. తల తిప్పేసరికి ఆర్విల్ పడవ ఖాళీగా ఊగుతోంది. ఈదుకుంటూ పోయి అతన్ని ఒడ్డుకి తెచ్చింది ఎల్రాయే. తెచ్చి లాభం లేకపోయింది.

మధ్యాహ్నానికి ఒడ్డంతా సాసేజీలు కాలుతున్న పొగ, దాని మీద ఆముదం వాసన. ఆ వాసన తగిలితే చాలు, ముసలాళ్ళ నడక మారిపోతుంది. హార్లన్ అప్పటికే మోకాళ్ళకి మెత్తలు కట్టుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని తయారు. పొడుగు మనిషి, ఎండిన కట్టెలా అయిపోయాడు. మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహమే.

"ఏరా తాడూ, ఆముదం తాగినట్టు ఆ మొహమేంటి? నేను పోతున్నది మూడు చుట్లకి. యుద్ధానికి కాదు."

"చలి," అన్నాడు ఎల్రాయ్.

"నీకు చలేంట్రా? ఏప్రిల్లో మంచుముక్కలు తేలుతుంటే నడుం దాకా దిగినోడివి!"

పక్కన డ్వేన్ గోర్స్కీ నవ్వాడు. ఒకప్పుడు హార్లన్‌కి ప్రత్యర్థిగా ఉన్నవాడి తాడు మనిషి ఇతను. "నడుం ఎక్కడుందో మర్చిపోయుంటాడు. ఈ మధ్య పొట్ట అడ్డొచ్చింది," అన్నాడు. నలుగురూ నవ్వారు. ఎల్రాయ్ కూడా నవ్వడానికి ప్రయత్నించాడు.

ఎల్రాయ్ ట్రక్కు దగ్గర బూట్లు విప్పి, పాదాలతో సహా కప్పే రబ్బరు తొడుగులు నడుం దాకా లాక్కుని వచ్చి నీళ్ళలోకి దిగాడు. హార్లన్ మూలుగుతూ మోకాళ్ళ మీద సర్దుకున్నాడు. ఒడ్డున జనం చేరారు. మార్లిస్ జనం వెనక నిలబడింది.

ఎల్రాయ్ తాడు చుట్టి గుంజాడు. మోటారు ఒకసారి దగ్గి ఊరుకుంది. రెండోసారి గుంజాడు. ఊరుకుంది. ఒడ్డున ఎవరో "ఓహో!" అన్నారు. మూడోసారి గుంజాడు.

ఇది దొంగపని అని తెలియకుండా ఉండాలంటే నిజంగా గుంజాలి. నీరసంగా గుంజితే హార్లన్ కనిపెట్టేస్తాడు. అందుకని ఎల్రాయ్ ఒళ్ళంతా పెట్టి గుంజాడు. చుట్టాడు, గుంజాడు. చుట్టాడు, గుంజాడు. మొదట్లో జనం ఈలలు వేశారు, తరవాత జోకులు వేశారు, ఆ తరవాత ఒక్కొక్కరే మొహాలు పక్కకి తిప్పుకున్నారు. అది జోకులకన్నా అధ్వాన్నంగా ఉంది. ఎల్రాయ్‌కి ఎడమ దవడ కింద ఏదో పట్టి లాగుతోంది. చలి అనుకున్నాడు. మళ్ళీ చుట్టాడు.

"ఆపరా!" హార్లన్ వెనక్కి తిరిగాడు. హెల్మెట్ లోపల మొహం ఎర్రబడి ఉంది. "ఏళ్ళ తరబడి నిన్ను నమ్ముకున్నాను కదరా. ఇవాళ ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు! అవి చేతులా, చీపురుపుల్లలా? చేతకాకపోతే చేతకాదని చెప్పాల్సింది. ఇంకెవడినైనా పెట్టుకునేవాణ్ణి."

ఎల్రాయ్ తాడు పడవ తోక మీద పెట్టి, నీళ్ళలోంచి నడుచుకుంటూ ఒడ్డెక్కాడు. జనం దారి ఇచ్చారు. మార్లిస్ అతని వంక చూసి, పెదవులతోనే ఏదో అంది. అది కృతజ్ఞతే అయ్యుంటుంది.

అతని పాత ట్రక్కు చెట్ల వెనక ఆగి ఉంది. అక్కడినుంచి నీళ్ళు కనపడవు. వెనక తలుపు దించి దాని మీద కూర్చున్నాడు. దవడ నొప్పి భుజంలోకి దిగింది. బాధగా ఉందా అంటే ఉంది. సిగ్గుగా ఉందా అంటే అదీ ఉంది. రెండూ ఎవరో పక్కింటివాళ్ళవిలా దూరంగా ఉన్నాయి. ఒక ఏడు హార్లన్ మణికట్టు విరిగితే, ఈసారి నువ్వే పోరా అని బలవంతంగా ఎల్రాయ్‌ని పడవలో కూర్చోబెట్టాడు. ఎల్రాయ్ మోకాళ్ళ మీద కాసేపు కూర్చుని, దిగిపోయాడు. నాకు నీళ్ళు నడుం దాకా చాలు అన్నాడు. ఆ మాట చెప్పుకుని ఆ ఏడాదంతా నవ్వారు. అతను భయపడ్డాడనే అనుకున్నారు. నిజానికి పడవలో కూర్చుంటే తన మోటారు గొంతు సరిగ్గా వినపడదేమోనని అనిపించింది అతనికి. అది ఎవరికి చెబుతాడు?

డ్వేన్ చెట్ల మధ్యనుంచి వచ్చాడు. తాడు మనుషుల్లో ఒకడి మోటారు మీద ఇంకొకడు అడక్కుండా చెయ్యి వెయ్యడు. మొగుడు ఉండగా పెళ్ళాన్ని నాట్యానికి పిలిచినట్టే లెక్క.

"ఎల్రాయ్, హార్లన్ నన్ను చూడమంటున్నాడు. నువ్వు వద్దంటే ముట్టుకోను. నీ మోటారు, నీ ఇష్టం. ఏమంటావు?"

వద్దు అనాలి. రెండే రెండు అక్షరాలు. ఎల్రాయ్ నోరు తెరిచాడు. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోయింది. తల అడ్డంగా ఊపాలనుకున్నాడు, అది కూడా అతని మాట వినలేదు.

డ్వేన్ నేలవంక చూశాడు. "వాడి మాటలు పట్టించుకోకు. నోరే అంత. రేపటికి వాడే వచ్చి కాళ్ళు పట్టుకుంటాడు," అని, ఎల్రాయ్ వద్దనకపోవడం అంగీకారమే అనుకుని వెళ్ళిపోయాడు.

ఎల్రాయ్ దిగి వెళ్ళాలనుకున్నాడు. కాళ్ళు వేలాడుతూనే ఉన్నాయి.

కొంతసేపటికి మోటారు దగ్గు వినపడింది. వెంటనే అందుకుంది. రెండోసారికే. జనం కేకలు పెట్టారు. ఆ గొంతు పైకి లేచి, సరస్సు మధ్యకి పోయింది. మొదటి మలుపు దగ్గర కొంచెం తగ్గి, మళ్ళీ లేచింది. పిడి మీద చెయ్యి ఉంది. మనిషి ఉన్నాడు. అవతలి ఒడ్డున పల్చబడింది, ఇటు తిరిగింది, దగ్గరికొచ్చింది, ట్రక్కు రేకు సన్నగా వణికింది. ఒక చుట్టు. చెయ్యి ఉంది. మలుపు దగ్గర తగ్గినప్పుడల్లా ఎల్రాయ్ ఊపిరి బిగబట్టాడు, లేవగానే వదిలాడు. మోటారు బాగా పాడుతోంది. ఆముదం మోతాదు సరిగ్గా కుదిరింది. రెండో చుట్టులో హార్లన్ పూర్తిగా నొక్కేశాడు, వెధవ, ఎవరి మాటా వినడు. మనిషి ఉన్నాడు. ఉన్నాడు.

మూడు చుట్లూ అయ్యాక మోటారు ఒడ్డు దగ్గర ఆగింది. ఆ ఆగడం ఎల్రాయ్ వినలేదు.

హార్లన్ చెట్ల మధ్యనుంచి కుంటుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా తడి, కళ్ళు కూడా. పక్కన మార్లిస్ అతని మోచెయ్యి పట్టుకుని ఉంది, వెనక డ్వేన్.

"ఒరేయ్ తాడూ! విన్నావుట్రా? పాడిందిరా అది! తిట్టాను, సరే, తిట్టాను. ఎప్పుడు తిట్టలేదు గనక? రా, బీరు నాది."

ఎల్రాయ్ ట్రక్కు గోడకి ఒరిగి కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. హార్లన్ దగ్గరికొచ్చి భుజం కదిపాడు. కదిపిన చెయ్యి అక్కడే ఉంచేశాడు.

డ్వేన్ టోపీ తీశాడు. గుప్పెట తెరిచి మాడిన ప్లగ్గులు చూపించాడు. "ఇవి ఉన్నాయి మోటారులో. వీటితో ఎవడు గుంజినా అంటుకోదు. ఎల్రాయ్‌కి తెలియకుండా ఎలా..."

"నేనే అడిగాను," అంది మార్లిస్. "స్టార్ట్ కానివ్వద్దని నేనే అడిగాను, హార్లన్."

హార్లన్ ఆమె వంక చూశాడు. కోపం రాలేదు, ఏమీ రాలేదు. "అయితే అన్నిసార్లు ఎందుకు గుంజాడే?" అన్నాడు. "రెండుసార్లు గుంజి ఊరుకోవచ్చు కదా."

అంబులెన్సు కోసం ఎవరో రోడ్డు మీదికి వెళ్ళారు. ట్రక్కు తలుపు కింద, ఎల్రాయ్ రబ్బరు తొడుగుల నుంచి నీళ్ళు కారుతున్న చోటికి జానెడు ఎడంగా, తడవకుండా, అతని బూట్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి, ఒక్కో బూటులో ఒక్కో మేజోడు మడిచి.